పొగ పట్టిన జత

7 ఆగస్టు 1983, ఆదివారం

లెన్సుల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు పేజీల్లో ఇరవై రెండేళ్లుగా నేను చూసిన ప్రతి లెన్సూ ఉంది. ఎవరి తయారీ, ఎన్ని అంగుళాలు, నెంబరెంత, గాజు ఎట్లా ఉంది, ఎంత పలుకుతుంది. వెనక పేజీల్లో ఏదో ఒకటి రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. ఈ రోజు ఎవరితోనూ చెప్పుకోలేనిది జరిగింది.

మ్యాట్నీలో జనం "ఫోకస్! ఫోకస్!" అని అరిచారు. జనార్దనం శెట్టి మెట్లెక్కి ప్రొజెక్టరు మిషను గదిలోకి వచ్చాడు. నంద్యాలలో ఈ హాలు ఆయనది. నేను ఆపరేటరుగా చేరిన ఈ పద్నాలుగేళ్లలో, బొమ్మ నడుస్తుండగా ఆయన పైకి రావడం ఇది రెండోసారి. మొదటిసారి రీలుకు నిప్పంటుకున్నప్పుడు.

"ఏందీ సంజీవయ్యా, బొమ్మ మబ్బుగా పడతాండాది?"

"కరెంటు తక్కువొస్తాండాది సామీ. మిషను దీపంలో కార్బన్ కడ్డీలు సరిగా మండడం ల్యా."

ఆయన కంతలోంచి తెర వైపు చూశాడు. తానే చెయ్యి పెట్టి లెన్సును వెంట్రుకవాసి తిప్పాడు. కింద అరుపులు ఆగిపోయాయి.

"కరెంటు నా చేతిలోనే ఉన్నట్టుందే," అని దిగిపోయాడు.

నాకు తేడా ఏమీ కనిపించలేదు. తిప్పకముందు ఎట్లా ఉందో తిప్పాక కూడా అట్లాగే ఉంది. కరెంటు తక్కువే.

11 ఆగస్టు, గురువారం

లెన్సు విప్పి రెండోసారి తుడిచాను. లోపల ఇంకా పొగే. వానలు మొదలైనప్పటి నుంచి చూసిన ప్రతి లెన్సులోనూ ఇదే. శిరివెళ్లలో చూసిన రెండింటిలో, చాగలమర్రిలో చూసినదాంట్లో. తేమకు గాజు లోపల బూజు పడుతుంది. ఈ ఏడు బూజు ఎక్కువ.

14 ఆగస్టు, ఆదివారం

ఆళ్లగడ్డ బస్సు కండక్టరు యాకోబు ఏసు గుడి దగ్గర నన్ను ఆపి చీటీ ఇచ్చాడు. లక్ష్మీనరసమ్మ వదిన రాయించి పంపింది. నా భార్య లూదియా చదివి వినిపించింది. నా కళ్లద్దాలు ఇంట్లో ఉండిపోయాయి.

"మీ అన్న లెన్సులు రెండు ఇంట్లోనే ఉండాయి. పొద్దుటూరు నుంచి జగన్నాథం వచ్చి అడుగుతాండాడు. నువ్వు చూసి ధర చెప్తే గానీ ఇయ్యనని చెప్పినా. బుధవారం రా."

నరసింహులు అన్న, వరసకే అన్న, మే నెలలో గుండె ఆగి పోయాడు. ఆళ్లగడ్డ బయట ఆయన డేరా హాలు పాతికేళ్లు నడిచింది. నాకు మిషను నేర్పింది ఆయనే. లెన్సును చేతిలోకి తీసుకోవడం కూడా ఆయనే నేర్పాడు. గాజును తాకకుండా, గుడ్డు పట్టుకున్నట్టు. ఆయన పోయిన నెలకే ఆయన తమ్ముడు సుబ్బయ్య మిషన్లను పాత ఇనుముకు అమ్మేశాడు. లెన్సులను మాత్రం వదిన ముట్టనివ్వలేదట.

వెళ్లాలి.

17 ఆగస్టు, బుధవారం

ఆళ్లగడ్డ వెళ్లి వచ్చాను. అంతా రాయాలి.

వదిన ఇల్లు శిల్పుల వీధి చివర. ఒక పక్క నుంచి ఉలి చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. లోపల దుప్పటి పరిచి, దాని మీద అన్న పాత పంచెలో చుట్టిన రెండు లెన్సులు పెట్టింది. జగన్నాథం అప్పటికే వచ్చి కాఫీ తాగుతున్నాడు. మూతపడిన హాళ్ల సామాను కొని అమ్మడం అతని పని. సుబ్బయ్య గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

ముందు కొలిచాను. లెన్సును వాకిలికి ఎదురుగా పట్టుకుంటే వెనక గోడ మీద వీధి తలకిందులుగా పడుతుంది. బొమ్మ తేటగా నిలిచిన చోట గోడకూ లెన్సుకూ మధ్య దూరమే దాని కొలత. ఎప్పుడూ ఒక్క పట్టుకే నిలబెట్టేవాణ్ని. ఈ రోజు ముందుకూ వెనక్కూ చాలాసేపు జరపాల్సి వచ్చింది. ఇల్లు చీకటి. నాలుగున్నర అంగుళాలు.

తర్వాత అంచు మీద చెక్కిన అక్షరాలు. అరిగిపోయాయి. జగన్నాథాన్ని చదవమన్నాను.

"టేలర్ హాబ్సన్, ఇంగ్లండు. నాలుగున్నర అంగుళాలు. నెంబరు మూడు లక్షల నలభై వేల నూట పన్నెండు. రెండోదానికి నూట పదమూడు."

వరస నెంబర్లు. పుట్టుజత. ఒక మిషనులోంచి ఇంకో మిషనులోకి రీలు మారినప్పుడు తెర మీద బొమ్మ ఒక్క నలుసు కూడా పెరగదు, తగ్గదు. విడివిడిగా రెండు లెన్సులు ఒక ధర, పుట్టుజత దానికి రెండింతలు.  అన్న ఇంత మంచి సరుకు డేరాలో వాడాడా అనుకున్నాను.

అప్పుడు రెండింటినీ పెరట్లోకి తీసుకువెళ్లి ఎండకు ఎదురుగా పెట్టి చూశాను.

పొగ. రెండింటిలోనూ. పాలు కలిపిన నీళ్ల లాగా. గాజు మీద నీలి పూత ఉండాలి, పక్కకు వంచితే నేరేడుపండు రంగు మెరవాలి. ఏదో మట్టిరంగు తప్ప ఏమీ కనిపించలేదు.

"పూత పోయింది వదినా. లోపల పొగ పట్టింది."

"పోయేదానికి నెల ముందర కూడా ఆయన తుడిచి పెట్టినాడప్పా. పొగ ఎప్పుడు పట్టింది?"

"తుడిస్తే పోయేది కాదు. రెండు గాజు బిళ్లలు అతికించిన చోట, లోపల పడతాది."

"రెండింటికీ ఒకే తూరి పట్టిందా?"

నాకు కోపం వచ్చింది. నా మాటను ఎవరైనా రెండోసారి అడిగి ఎన్నేళ్లయిందో. "డేరాలో దుమ్ము, పొగా తక్కువా వదినా?" అన్నాను.

జగన్నాథం లెన్సులను ఎత్తి ఎండకు పెట్టి చూసి, మళ్లీ గుడ్డ మీద పెట్టాడు. "సంజీవయ్యన్న మాట అయినాక నేనేం చెప్పేది? ఇత్తడి ధర ఇస్తా. మూడొందల యాభై."

వదిన నా వైపు చూసింది. "మోటారుతో సహా పిండి మిషను ఒకటి చూసి పెట్టినా. నాలుగు వేలు అంటాండారు. ఈ లెన్సులు అంతకు పోతాయని ఆయన ఎప్పుడూ అనేటోడు."

"మంచిగా ఉంటే పోయేటివి వదినా. ఇప్పుడు అంతకు మించి రాదు."

ఆమె లెన్సులను ఆ పంచెతోనే కట్టి ఇచ్చేసింది. పంచె అయినా ఉంచుకోమ్మా అని జగన్నాథం అంటే, వద్దంది.

బస్టాండులో జగన్నాథం నాకు కాఫీ ఇప్పించాడు. కర్నూలు నుంచి కడప దాకా నా మాట లేకుండా లెన్సు బేరం జరగదన్నాడు. నిజమే.

18 ఆగస్టు, గురువారం

జత రెండింటికీ ఒకే తీరుగా పొగ పట్టడం ఇంతకుముందు చూడలేదు. డేరాలో దుమ్ము ఎక్కువ. అంతే.

28 ఆగస్టు, ఆదివారం

గుడిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నాను. పాటలన్నీ నాకు నోటికి వచ్చు. పక్కన నిలబడ్డ లూదియా చెయ్యి చాపి నా చేతిలో పేజీ తిప్పింది. నేను వేరే పాట దగ్గర పట్టుకుని ఉన్నాను.

 

6 సెప్టెంబరు, మంగళవారం

యాకోబు టీ కొట్టు దగ్గర కలిశాడు. నేను అడగకుండానే చెప్పాడు.

"మీ వదిన బస్టాండు హోటల్లో పిండి రుబ్బుతాండాది అన్నా. పొద్దన నాలుగ్గంటలకే వస్తాది."

చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఇంకోటి. నువ్వు జగన్నాథం కాడ దుడ్లు తిన్నావని సుబ్బయ్య ఊరంతా చెప్తాండాడు. పొగ అని నువ్వు చెప్పడం, ఇత్తడి ధరకు ఆయన కొనడం, పంచుకోవడం."

"వదిన ఏమంటాండాది?"

"సంజీవయ్య అట్లాంటోడు కాదు అంటాండాది. సుబ్బయ్యతో మాటలు కూడా మానేసింది."

ఆమె నమ్ముతోంది. అది చాలు అనుకున్నాను. 

15 సెప్టెంబరు, గురువారం

 అక్షరాలు గీత దాటిపోతున్నాయి.

పొద్దున జనార్దనం శెట్టి పైకి వచ్చి బల్ల మీద మూట పెట్టాడు. "మన లెన్సులతో జనం తిట్లు తినలేక చస్తాండా. కొత్త జత దొరికినాది. నాలుగు దినాలు పెట్టి చూడమని ఇచ్చిపోయినాడు. అయిదు వేలు అడుగుతాండాడు. నువ్వు సరే అంటేనే దుడ్లు ఇచ్చేది."

"ఎవరు సామీ?"

"పొద్దుటూరు జగన్నాథం."

మూట విప్పాను. అన్న పంచె కాదు, కొత్త మల్లుగుడ్డ. శెట్టి దిగిపోయాక భూతద్దం పెట్టి అంచు చదివాను. చాలాసేపు పట్టింది. 340112. 340113.

మూడొందల యాభైకి కొన్నది అయిదు వేలా? పొగ తీయించాడా? అతికిన గాజులు విడదీసి కడిగి మళ్లీ అతికించే పనివాళ్లు బొంబాయిలో ఉంటారని విన్నాను. నెలరోజుల్లో అయ్యే పని కాదు.

తీయించే ఉంటాడు.

16 సెప్టెంబరు, శుక్రవారం

మ్యాట్నీకి ముందు ఖాళీ హాల్లో పెట్టి చూశాం. శెట్టి కింద మధ్య వరసలో కూర్చున్నాడు. నేను పాత రీలు ఎక్కించి లెన్సు బిగించాను.

ఎప్పటిలా ఒంటి కంటితో కంతలోంచి చూస్తే నాకు కనిపించింది పొగే. మొదటి రోజు ఎట్లా ఉందో అట్లాగే.

కింద నుంచి శెట్టి గొంతు వినిపించింది. "అబ్బబ్బా! ఏమి తేటగా ఉండాదప్పా! ఆయమ్మ చీరె పోగులు కూడా కనపడతాండాయి!"

అప్పుడు కడ్డీల పొగ ఒక్కసారి ఎదురుకొట్టి కుడి కన్ను మండింది. తువ్వాలు తీసి ఆ కంటిని గట్టిగా అదుముకుని, ఎడమ కంటితో చూశాను.

తెర మీద ఆమె చీర పోగులు కనిపించాయి.

తువ్వాలు తీసి ఎడమ కన్ను మూశాను. మబ్బు. అదిమాను. పోగులు. ఎన్నిసార్లు చేశానో తెలియదు. నేను లెన్సులు చూసేది ఎప్పుడూ కుడి కంటితోనే. ఎడమ కన్ను మూసుకుని చూడమని అన్న నేర్పాడు, ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు.

శెట్టి వెళ్లిపోయాక రెండో లెన్సును కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి ఎడమ కంటితో చూశాను. నేరేడుపండు రంగు. గాజు ఉందా లేదా అన్నంత తేట. అలమరలో ఉన్న పాత లెన్సులన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. బూజు అని పక్కన పెట్టినవి నాలుగు. ఒక్కదాంట్లో కూడా బూజు లేదు.

పొగ వానలతో రాలేదు.

17 సెప్టెంబరు, శనివారం

జగన్నాథం మధ్యాహ్నం హాలు దగ్గరికి వచ్చాడు. మాట్లాడాలని టీ కొట్టు వెనక్కి తీసుకువెళ్లాడు.

"శెట్టికి బాగా నచ్చినాయంట గదన్నా. నువ్వొక మాట చెప్పేస్తే సోమవారమో మంగళవారమో వచ్చి దుడ్లు తీసుకుపోతా."

"నువ్వు వాటిని బాగు చేయించినావా?" అని అడిగాను. అవునని అంటాడేమోనని నా ఆశ.

నవ్వాడు. "బాగు చేయించేదానికి వాటికేమైందని?"

"నీకు తెలుసా?"

"నెంబరు నాచేత చదివిచ్చినావు. అంత పెద్ద అచ్చరాలు. సూర్యుడికి ఎదురుగా పెట్టి పొగ అన్నావు. నేనూ పెట్టి చూసినా, నీళ్ల మాదిరి ఉండాయి. ఆ పొద్దే అనుకున్నా, సంజీవయ్యన్న కన్ను పోయిందని."

"ఆ మాట ఆడనే చెప్పొచ్చు కదప్పా! ఆమె మొగుడు పోయిన మనిషి!"

"నేను అబద్ధం చెప్పినానా? పొగ అన్నది నువ్వు. ఇత్తడి ధర కంటే రాదన్నది నువ్వు. నేను కొన్నా, అంతే." అని గొంతు తగ్గించాడు. "శిరివెళ్లలో కూడా నువ్వు పొగ అంటివి గదా. ఆ రెండూ కూడా నాకాడే ఉండాయి."

నేను వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మంచివని శెట్టికి చెప్పు. నీ కన్ను సంగతి నా నోట రాదు. మిషను గదిలో గుడ్డోడు ఉండాడని తెలిస్తే శెట్టి ఒక్క దినం పెట్టుకుంటాడా?" అంటూ నా చొక్కా జేబులో మడత నోట్లు పెట్టాడు. వెనక్కి ఇద్దామనే అనుకున్నాను. అంతలో అతను రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

వెనక్కి ఇద్దామనే అనుకున్నాను.

18 సెప్టెంబరు, ఆదివారం

జ్వరమని చెప్పి గుడికి వెళ్లలేదు. నోట్లు జేబులోనే ఉన్నాయి.

మంచివంటే, ఆళ్లగడ్డలో పొగ అన్నవాడు నంద్యాలలో మంచివి అన్నాడని రెండు రోజుల్లో తెలుస్తుంది. సుబ్బయ్య చెప్పిందే నిజమవుతుంది. పొగ అంటే మాట ఒకటే నిలుస్తుంది, కానీ శెట్టి తన కళ్లతో చూశాడు. అప్పుడు జగన్నాథం నోరు తెరుస్తాడు.

దొంగనా, గుడ్డివాణ్నా. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

నిన్నటి నుంచి ఇంకో మాట కూడా మనసులో తిరుగుతోంది. దొంగ అంటే నెల రోజులు మాట్లాడుకుని మరిచిపోతారు. కన్ను పోయిన ఆపరేటరును ఎవరు పెట్టుకుంటారు? ఇట్లా అనుకున్నానని రాసి పెట్టాలి. ఇది కూడా నేనే అనుకున్నాను.

19 సెప్టెంబరు, సోమవారం

లూదియా చొక్కా ఉతకబోతూ నోట్లు తీసింది. బడికి టైమవుతున్నా కదలకుండా నా ముందు కూర్చుంది. తాను పాఠాలు చెప్పే మిషనరీ బడిలో పిల్లలు తప్పు చేస్తే కూడా ఇట్లాగే కూర్చుంటుందట, అరవదట.

"ఇవి యాడివి?"

మొత్తం చెప్పాను. కన్ను సంగతి చివర చెప్పాను.

"నీ కన్ను సంగతి నాకు ఈస్టరు నుంచీ తెలుసు," అంది. "దీపంలో కిరసనాయిలు పోస్తా పోస్తా బయట పోసినావు. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాండావు."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని చూస్తాంటి. రెండు తూర్లు అడిగినా, కరెంటు తక్కువ అన్నావు." నోట్ల వైపు చూసి అంది, "నేను గట్టిగా అడిగుంటే ఆయమ్మ ఈ పొద్దు పిండి రుబ్బేది కాదు. నా తప్పు కూడా ఉండాది."

ఆమె తప్పేమీ లేదు. 

నోట్లు లెక్కపెట్టకుండా కాగితంలో చుట్టి ఇచ్చింది.

20 సెప్టెంబరు, మంగళవారం

అయిపోయింది.

పదకొండు గంటలకు శెట్టి గదికి వెళ్లాను. జగన్నాథం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శెట్టి అడిగాడు, "చెప్పు సంజీవయ్యా. తీసుకుందామా?"

కాగితం పొట్లాన్ని జగన్నాథం ముందు పెట్టాను. "లెన్సులు మంచివి సామీ. ఈ సీమలో ఇట్లాంటి పుట్టుజత నేను ఇంకోటి చూడలేదు. నెల ముందర ఆళ్లగడ్డలో ఇవే లెన్సులు పొగ పట్టినాయని చెప్పి, ఒక ఆడమనిషి చేత మూడొందల యాభైకి అమ్మిచ్చినా."

శెట్టి పొట్లం వైపు చూశాడు. "ఎంత తిన్నావు?"

"అప్పుడేమీ తిన్ల్యా. ఇవి మొన్న జేబులో పెట్టినాడు. నా కుడి కన్ను పోయినాది సామీ. ఈస్టరు నుంచీ సరిగా కనపడదు. అందరికీ కరెంటు తక్కువని చెప్తాంటి."

 శెట్టి లేచాడు. కొడతాడేమో అనుకున్నాను.

"ఆరు నెలలు! నిప్పు కడ్డీల కాడ, కింద అయిదొందల మందిని కూర్చోబెట్టుకుని, కండ్లు కనపడకుండా మిషను నడిపినావా? రీలు అంటుకోని ఉంటే?"

  లెన్సుల గురించే ఆలోచించాను గానీ ఆ అయిదొందల మంది నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

తర్వాత శెట్టి జగన్నాథం వైపు తిరిగాడు. "నీకు తెలిసే కొన్నావా?"

"బేరం బేరమే శెట్టీ. నువ్వు కందులు కొనేటప్పుడు..."

"నేను కందులు కొనేటప్పుడు తూకం చూపిచ్చి కొంటా. ఆయమ్మకు రెండున్నర వేలు చేర్చు. చేర్చినట్టు చీటీ తీసుకురా. అప్పుడు తీసుకుంటా."

జగన్నాథం నోట్ల పొట్లం జేబులో వేసుకుని, లెన్సులను గుడ్డలో చుట్టుకున్నాడు. "బెంగుళూరులో ఆరు వేలకు కొంటారు. నీతులు అడగరు." అని వెళ్లిపోయాడు.

జత పోయింది. వదినకు ఒక్క రూపాయి కూడా రాలేదు.

మిషను గది తాళంచెవి బల్ల మీద పెట్టమన్నాడు శెట్టి. పెట్టాను. "గేటు కాడ టికెట్లు చించు. కన్ను ఆపరేషను చేయించుకున్నాక చూస్తాం," అన్నాడు.

22 సెప్టెంబరు, గురువారం

ఆళ్లగడ్డ. వదిన హోటలు నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాను. ఆమె చేతులకు పిండి అంటుకునే ఉంది. లోపలికి రమ్మనలేదు. నిలబడే విన్నది.

అంతా విని, "అయితే సుబ్బయ్య చెప్పింది అబద్ధం," అంది.

"అబద్ధమే వదినా."

"నువ్వు దుడ్లు తిన్నా బాగుండేది. గల్లా పట్టుకుని అడుగుదును. కన్ను పోయినోన్ని ఏమని అడిగేది?"

ఆమె కొంగుతో చేతుల పిండి తుడుచుకుంది.

"ఆ పొద్దు నేను అడిగితి. రెండింటికీ ఒకే తూరి పట్టిందా అని అడిగితి. నా మీద విసుక్కుంటివి. ఆడది, దీనికేం తెలుసు అనుకుంటివి."

అవును. అట్లాగే అనుకున్నాను. ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నే సరైనది.

లోపలికి వెళ్లింది. ఇక వెళ్లిపోవాలేమో అనుకుంటుంటే ఒక చెక్కపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది ఆ పొద్దు చూపియ్యల్యా. ఆ రెండూ పనికిరావన్నాక భయమేసి బియ్యం డబ్బాలో దాచినా. జగన్నాథానికీ తెలీదు, సుబ్బయ్యకూ తెలీదు."

పెట్టెలో బరువైన లెన్సు. మామూలు దానికంటే లావు. నేను ముట్టుకోలేదు.

"నేను చెప్పను వదినా. నా మాటకు విలువ లేదు."

"ఇంగెవురు చెప్తారు? జగన్నాథాన్ని అడగాల్నా?"

"నువ్వే చూడు. ఏం కనపడతాందో నాకు చెప్పు."

అన్న నాకు నేర్పినట్టే నేర్పాను. గాజు మీద వేళ్లు పడకూడదు. ముందు అంచు చూడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. సుద్దముక్కతో ఆ అక్షరాలు చూసింది చూసినట్టు గచ్చు మీద జానెడు జానెడు గీసింది. ఎడమ కంటితో నేను చదివాను. జపాను తయారీ.

"ఇప్పుడు దాంట్లోంచి ఆ చెంబును చూడు."

చూసింది. "చెంబు లావైపోయినాది! తాంబాళం మాదిరి సాగిపోయినాది!"

"లెన్సును పక్కకు తిప్పు."

"ఇప్పుడు నిటారుగా సాగుతాండాది. సన్నంగా, పొడుగ్గా." కన్ను తీసి నన్ను చూసింది. "ఇదేందప్పా?"

 స్కోప్ లెన్సు. రీలులో నొక్కిపెట్టిన బొమ్మను తెర మీద వెడల్పుగా సాగదీసేది. డేరాలో అంత వెడల్పు తెర కట్టలేక అన్న ఎప్పుడూ వాడి ఉండడు. ఏనాటికైనా పక్కా హాలు కడదామని కొని పెట్టుకున్నాడేమో. నాకు కూడా చెప్పలేదు.

ఎండలోకి తీసుకువెళ్లమన్నాను. వంచి చూడమన్నాను. గీత ఉందా, చెమ్మ మరక ఉందా, సాలెగూడు లాంటి పోగులు ఉన్నాయా, అంచున ఇంద్రధనుస్సు లాంటి రంగులు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగాను. ప్రతిదానికీ ఆమె తొందర పడకుండా, తిప్పి తిప్పి చూసి చెప్పింది.

"ఒక చిన్న గీత ఉండాది. అంచున. గోటి గీతంత. ఇంగేమీ ల్యా."

"పొగ?"

"ల్యా. బావి నీళ్లుండాయి లోపల."

నా కంటితో సరిచూసుకోవాలనిపించలేదు. చాగలమర్రిలో దసరాకు తెరిచే కొత్త హాలు గురించి చెప్పాను. వాళ్లకు స్కోప్ లెన్సు తప్పనిసరి, మద్రాసు నుంచి తెప్పించే వ్యవధి లేదు, వాళ్ల సామాను కొనిపెడుతున్నది జగన్నాథమే. ఎంత అడగొచ్చో, ఎంతకు తగ్గకూడదో చెప్పాను.

"నువ్వు వస్తావా ఆ పొద్దు?" అని అడిగింది.

"రమ్మంటే వస్తా."

"రా. మాట్లాడొద్దు."

27 సెప్టెంబరు, మంగళవారం

శిరివెళ్లకు, చాగలమర్రికి కార్డులు రాశాను. ఈస్టరు తర్వాత నేను చూసిన లెన్సులు మళ్లీ ఎవరికైనా చూపించుకోమని, తప్పు నాదని. లూదియా రాసింది, నేను సంతకం చేశాను.

గేటు దగ్గర టికెట్లు చించుతుంటే ఒకాయన, "ఏమప్పా, పైన ఉండేటోడివి కదా?" అన్నాడు. అవునన్నాను.

1 అక్టోబరు, శనివారం

శిరివెళ్ల నుంచి జవాబు వచ్చింది. లూదియా చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. మొత్తం చదవమన్నాను. చదివింది. వాళ్లు అన్నదాంట్లో తప్పు లేదు.

కన్ను చూపించుకుంటే ఆసుపత్రి వాళ్లు నవంబరులో రమ్మన్నారు. కంట్లో పొర ఇంకా ముదరాలట.

5 అక్టోబరు, బుధవారం

ఇంకో లెన్సు ఉందని వదిన చెప్పి పంపితే జగన్నాథం ఆళ్లగడ్డ వచ్చాడు. నాకూ కబురు పెడితే నేను ముందే వెళ్లి అరుగు మీద ఓ మూల కూర్చున్నాను. నన్ను చూసి అతను ఒక్క క్షణం ఆగాడు, తర్వాత చూడనట్టే లోపలికి వచ్చాడు.

వదిన పెట్టె తెరిచి పెట్టింది. అతను లెన్సును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నాకు అతని ముఖం సరిగా కనిపించలేదు. గొంతు మాత్రం తెలిసింది. సరుకు నచ్చినప్పుడు అతని గొంతు నెమ్మదిస్తుంది.

"పాతదమ్మా. ఆ రెండింటి మాదిరే దీంట్లో కూడా పొగ ఉండాది. ఏదో ఎనిమిదొందలు..."

వదిన లేచి అతని చేతిలోంచి లెన్సు తీసుకుంది. పెరటి గుమ్మం దాటి ఎండలో నిలబడింది. "ఈడకు రాప్పా. పొగ యాడుందో నాకు చూపిచ్చు."

అతను కదల్లేదు.

"గీత ఒకటుండాది, అంచున. అది నేనే చెప్తాండా. పొగ యాడుంది? వేలు పెట్టి చూపిచ్చు."

"అమ్మా, ఇది నీకు తెలిసే సంగతి కాదు..."

"స్కోప్ లెన్సు. జపానుది. దసరాకు పదకొండు దినాలుంది. చాగలమర్రోళ్లు నీకోసం కాసుకోనుండారు. నాలుగు వేల రెండొందలు. వద్దంటే చెప్పు, నేనే బస్సెక్కి పోయి ఇచ్చేసొస్తా."

అప్పుడు జగన్నాథం నా వైపు తిరిగాడు. నేనేదో అంటానని, తగ్గిస్తానని, లేకపోతే ఆమెను సమర్థిస్తానని ఎదురుచూశాడు. నేను మాట్లాడలేదు.

మూడు వేలన్నాడు. ఆమె లెన్సును పెట్టెలో పెట్టి మూత వేసింది. మూడున్నర అన్నాడు. ఆమె చెప్పులు తొడుక్కుంది. నిజంగానే బస్టాండు వైపు నాలుగడుగులు వేసింది. వీధిలో ఉలి చప్పుడు ఆగింది, శిల్పులు తలలెత్తి చూస్తున్నారు.

"సరేలేమ్మా, రా," అన్నాడు జగన్నాథం.

ఆమె వెనక్కి వచ్చి, నాలుగు వేల రెండొందలు రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. పెట్టె అతని చేతికి ఇచ్చేటప్పుడు, గాజు మీద వేళ్లు పెట్టొద్దని చెప్పింది. అతను వెళ్లాక నా ముందు కాఫీ పెట్టి, పిండి మిషను మనిషిని కలవాలని వెంటనే బయలుదేరింది.

మొత్తం బేరంలో లెన్సు ఎట్లా ఉందని నన్ను ఎవరూ అడగలేదు. కాఫీ తాగి, గోడ పట్టుకుని మెట్లు దిగి, మూడు గంటల బస్సుకు వచ్చేశాను.